లూపర్ పెడల్‌తో స్టేజి మీద అప్పటికప్పుడు వాయించడం: మొదటి నొక్కు నుంచి ఆపడం దాకా

లూపర్ (వాయించిన ముక్కని రికార్డ్ చేసి తిప్పి తిప్పి వినిపించే, దానిమీద ఇంకో పొర, అంటే లేయర్, వేయనిచ్చే కాలి పెడల్) కొన్నాం, ఇంట్లో బాగానే వస్తోంది, నలుగురి ముందు పెడితే మాత్రం మూడో లేయర్‌కల్లా గోలగోల అయిపోతోంది, ఎక్కడ తేడా కొడుతోంది అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే కంటే అంతా ఒకచోట రాసేస్తే పోతుంది. గిటార్ ఉదాహరణగా పెట్టుకుని రాస్తున్నాను, వయొలిన్, ఫ్లూట్, పాట వాళ్లకి ఎక్కడ మారుతుందో అక్కడే చెప్తాను.

ముందే ఒక మాట. ఈ గోలకి కారణం చాలామంది అనుకున్నట్టు వేళ్లు కాదు, కాలు. ఆ తర్వాత, మొదటి లేయర్‌ని కుక్కి కుక్కి నింపేయడం. ఈ రెండూ సరిచేసుకుంటే మిగతావి చిన్న చిన్న మరమ్మతులే.

1. మీ పెడల్ బటన్ వరుస ముందు తెలుసుకోండి

ఒకే బటన్ ఉన్న పెడల్ చాలు. డిట్టో అనే పెడల్‌లో 5 నిమిషాలు, బాస్ ఆర్‌సీ-1లో 12 నిమిషాలు రికార్డవుతుంది. మనం వాడేది 12 సెకన్ల ముక్క, కాబట్టి ఎక్కువ నిమిషాలున్నది కావాలని డబ్బులు పోయకండి. గొంతుతోనే అంతా కట్టేవాళ్లకి, బీట్‌బాక్స్ వాళ్లకి అయితే ఆర్‌సీ-505 లాంటి టేబుల్ మీద పెట్టుకునేది నయం, అయిదు ట్రాకులుంటాయి, చేత్తో నొక్కుకోవచ్చు, మైక్ నేరుగా గుచ్చుకోవచ్చు.

చిన్న పెడళ్లకి మైక్ నేరుగా గుచ్చితే పని జరగదు. అవి గిటార్ జాక్ కోసం చేసినవి. మధ్యలో చిన్న మిక్సరో ప్రీఆంపో ఉండాలి.

పెడల్ చేతికొచ్చాక ఈ నాలుగూ చూసుకోండి:

- రెండోసారి నొక్కితే ప్లే అవుతోందా, నేరుగా ఓవర్‌డబ్‌లోకి (ఉన్నదాని మీద ఇంకో లేయర్ రికార్డ్ చేయడం) పోతోందా? మోడల్‌ని బట్టి మారుతుంది, కొన్నింట్లో సెట్టింగ్ మార్చుకోవచ్చు.
- ఆపడం ఎలా? చాలావాటికి టకటకా రెండుసార్లు నొక్కాలి. ఆగేది రెండో నొక్కు దగ్గర, కాబట్టి దెబ్బ మీద పడాల్సింది ఆ రెండోది. మొదటి నొక్కు కాస్త ముందే పడిపోవాలి.
- అన్‌డూ (చివరి లేయర్ తీసేయడం) ఎలా? సాధారణంగా నొక్కిపట్టుకోవాలి.
- పూర్తిగా చెరపడం ఎలా?

ఈ నాలుగూ చూడకుండా, కిందికి వంగకుండా, పక్కవాళ్లతో మాట్లాడుతూ చేయగలిగే దాకా స్టేజి ఊసు వద్దు.

2. కేబుల్స్, కరెంటు

గిటార్, ట్యూనర్, డిస్టార్షన్ లాంటివి, డిలే, చివర్లో లూపర్, అక్కడి నుంచి ఆంప్. లూపర్ చివర్లో ఉంటే ఒక లేయర్ క్లీన్‌గా, ఇంకోటి డిస్టార్షన్‌తో వేసుకోవచ్చు. దాన్ని డిస్టార్షన్‌కి ముందు పెడితే లేయర్లన్నీ కలిసి అందులో పడి ముద్దయిపోతాయి. మీ డిస్టార్షన్ ఆంప్‌లోనే వస్తుంటే ఆంప్ వెనకున్న ఎఫెక్ట్స్ లూప్‌లో (సెండ్, రిటర్న్ అని రాసున్న జాకులు) లూపర్‌ని పెట్టండి.

రివర్బ్ (గది మోతలాంటి ప్రతిధ్వని) దగ్గర ఒక తిరకాసుంది. లూపర్‌కి ముందు రివర్బ్ పెట్టి రికార్డ్ చేస్తే, లూప్ మళ్లీ మొదటికొచ్చేసరికి ఆ తోక కత్తెరేసినట్టు తెగిపోతుంది. దీనికి రెండు దార్లు. రివర్బ్‌ని లూపర్ తర్వాత పెట్టండి, లేదా మొదటి చుట్టు అయ్యాక వెంటనే ఓవర్‌డబ్‌లోకి వెళ్లి ఏమీ వాయించకుండా ఆ తోకని పట్టుకోనిచ్చి బయటికి రండి.

అడాప్టర్ 9 వోల్టులదే అయినా ఎన్ని మిల్లీఆంపులు ఇస్తుందో చూడండి. లూపర్లు డిజిటల్ పెడళ్లు, మామూలు డిస్టార్షన్ పెడల్ కంటే బాగా ఎక్కువ తాగుతాయి. నాలుగు పెడళ్లకి ఒకే చవక అడాప్టర్ తగిలిస్తే వచ్చే సన్నటి కీచు, లూప్‌లో కూడా రికార్డవుతుంది, లేయర్ లేయర్‌కీ పెరుగుతుంది. ఫంక్షన్ హాల్లో జనరేటర్‌కి మారేటప్పుడు ఒక్క క్షణం కరెంటు పోయినా సేవ్ చేయని లూప్ పోయే ప్రమాదముంది. అలాంటి చోట బ్యాటరీతో నడిచే పెడల్ అయితే కొత్త బ్యాటరీ వేసుకుని వెళ్లండి.

3. వాయించే ముందు లెక్క వేసుకోండి

60ని మీ టెంపోతో భాగిస్తే ఒక దెబ్బకి ఎన్ని సెకన్లో వస్తుంది. నిమిషానికి 80 అయితే దెబ్బకి 0.75 సెకను. ఆదితాళం ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక పూర్తి చుట్టు, 8 అక్షరాలు (దెబ్బలు), 6 సెకన్లు. రెండు ఆవర్తనాలు 12 సెకన్లు. నేను ఎప్పుడూ రెండు ఆవర్తనాల లూపే కడతాను. ఒకటే అయితే వినేవాళ్లకి నాలుగో చుట్టులోనే విసుగొస్తుంది, నాలుగు పెడితే తప్పు జరిగినప్పుడు అది మళ్లీ వచ్చేదాకా 24 సెకన్లు కాచుకుని కూర్చోవాలి.

మిశ్రచాపు (ఏడు అక్షరాలు), ఖండచాపు (అయిదు) నిరభ్యంతరంగా లూప్ చేయొచ్చు, పెడల్‌కి తాళంతో పనిలేదు, మీరు నొక్కిన చోటి నుంచి నొక్కిన చోటి దాకా తిప్పుతుందంతే. పెడల్‌లో ఉన్న డ్రమ్ పేటర్న్ మాత్రం మీ తాళానికి సరిపోతేనే వాడండి, నాలుగు దెబ్బల పేటర్న్ మీద ఏడు అక్షరాల లూప్ కడితే ఎవరి గోల వారిదే.

4. కాలు సాధన: దీన్ని దాటేయకండి

మడమ నేల మీద ఉంచి, ముందు పాదం బటన్ పైన గాల్లో పెట్టి ఉంచండి. మొత్తం కాలు ఎత్తి తొక్కితే ప్రతిసారీ ఆలస్యమే. డ్రమ్ములో కిక్ కొట్టినట్టు, దెబ్బ మీద పాదం పడాలి. "అమ్మయ్య, చుట్టు అయిపోయింది" అనుకుని నొక్కితే అప్పటికే లేటు.

ఎంత లేటైతే ఏం పోతుంది అంటారా? 0.05 సెకను లేటుగా మూశారనుకోండి, 12 సెకన్ల లూప్ కాస్తా 12.05 అవుతుంది. ఒక్కరే వాయిస్తుంటే ప్రతి చుట్టు చివరా చిన్న ఎక్కిలి లాగా వినిపిస్తుంది. పక్కన మృదంగమో డ్రమ్సో ఖచ్చితమైన కాలంలో నడుస్తుంటే పది చుట్లకి అర సెకను తేడా, అంటే అక్షరంలో మూడింట రెండొంతులు. ఇద్దరూ రెండు ఊళ్లలో ఉన్నట్టుంటుంది.

రోజూ పావుగంట, ఈ వరుసలో:

1. మెట్రొనోమ్ పెట్టి ఒక ఆవర్తనం ఊరికే వాయించండి, రికార్డ్ వద్దు.
2. రెండో ఆవర్తనం సమం (మొదటి దెబ్బ) మీద నొక్కండి. చేయి అప్పటికే నడకలో ఉంటుంది కాబట్టి మొదటి స్వరం తడబడదు.
3. రెండు ఆవర్తనాలయ్యాక మళ్లీ సమం మీద నొక్కండి. చేయి ఆపకండి. నొక్కగానే వాయించడం ఆపేయడం కొత్తవాళ్లందరూ చేసేదే, అక్కడే లూప్ అతుకు బయటపడుతుంది. ఇంకో నాలుగు అక్షరాలు వాయించి అప్పుడు నెమ్మదిగా తీసేయండి.
4. మెట్రొనోమ్ ఆపేసి లూప్ ఒక్కదాన్నే వినండి, చేత్తో తాళం వేస్తూ. చేయి ఎక్కడైనా తడబడిందా? చెరిపేయండి, మళ్లీ కట్టండి.

ఎత్తుగడ, అంటే పాట మొదలయ్యే చోటు, సమం మీద లేని పాటల దగ్గర అందరూ బోల్తా పడతారు. సమానికి రెండు స్వరాల ముందే మీరు వాయించే వరస మొదలవుతుంటే, బటన్ ఆ స్వరాల దగ్గర నొక్కకూడదు, సమం మీదే నొక్కాలి. ఆ రెండు స్వరాలూ మొదటిసారి రికార్డ్ కావు, ఫర్వాలేదు, లూప్ చివర్లో మళ్లీ వాయిస్తారు కదా, అక్కడ పడతాయి.

ఇంకోటి. స్టేజి మీద ఏ చెప్పులతో ఉంటారో వాటితోనే సాధన చేయండి. గుళ్లో, సభల్లో వట్టి కాళ్లతో ఎక్కాలి, ఆ ఇనప బటన్ అరికాలికి గుచ్చుకుంటే తాళం సంగతి దేవుడెరుగు. బటన్ మీద తొడిగే ప్లాస్టిక్ టోపీలు దొరుకుతాయి, ఒకటి పెట్టుకోండి. బాసింపట్టు వేసి కూర్చునే వయొలిన్ వాళ్లకి రెండు చేతులూ ఖాళీ ఉండవు, కాలూ ఖాళీ ఉండదు. కుర్చీ అడగండి, మొహమాటపడకండి.

5. మొదటి లేయర్: తక్కువే వేయండి

మొదటి లేయర్ వింటే "ఇంతేనా?" అనిపించాలి. ఎనిమిది అక్షరాల్లో రెండు మూడు చోట్ల స్వరం, మిగతాదంతా ఖాళీ. బాగా వాయించాలన్న కుతూహలం కొద్దీ అక్కడే నింపేస్తే మీరు ఆ తర్వాత వాయించేది దేనిమీద నిలబడాలి?

రాగం మీద పోతుంటే లూప్‌లో ఏ స్వరాలు పెడుతున్నారో ఒక్కసారి ఆలోచించండి. గిటార్ వాళ్లకి పవర్ కార్డ్ చేతికి అలవాటు, అంటే స–ప. మోహనానికి, హంసధ్వనికి హాయిగా సరిపోతుంది. హిందోళంలో పంచమం లేదు. అలవాటుగా స–ప లూప్ చేసేసి పైన హిందోళం ఎత్తుకుంటే, ఎంత బాగా వాయించినా ఏదో పుల్లగా ఉంటుంది, కారణం మాత్రం వెంటనే తట్టదు. అక్కడ స–మ వేయండి.

గమకాలు (స్వరాన్ని ఊపడం, జార్చడం లాంటివి) లూప్‌లో పెట్టకండి. ఒక కంపితమో జారో మొదటిసారి వింటే ప్రాణం లేచొస్తుంది, అదే అచ్చంగా అలాగే పన్నెండు సెకన్లకోసారి ఇరవైసార్లు వస్తే అలారం మోతలా ఉంటుంది. లూప్‌లో సాదా స్వరాలు, పైన వాయించేదాంట్లో గమకాలు.

6. ఒకటి కట్టి చూద్దాం

డి శ్రుతి, అంటే కచేరీల్లో చెప్పే రెండు శ్రుతి. మోహనం. ఆదితాళం, నిమిషానికి 80, రెండు ఆవర్తనాలు. గిటార్ ఆరో తీగని ఒక స్వరం దించి డి చేయండి. కార్డులు వేయాలనిపిస్తే ఇక్కడ డి, బి మైనర్ రెండే పనికొస్తాయి. జి కార్డులో మధ్యమం వస్తుంది, ఎ కార్డులో నిషాదం వస్తుంది, రెండూ మోహనంలో లేవు.

లేయర్ 1. 1వ అక్షరంలో ఆరో తీగ వట్టిది, షడ్జం. 5వ అక్షరంలో అయిదో తీగ వట్టిది, పంచమం. రెండో ఆవర్తనంలోనూ అంతే, కాకపోతే 7వ అక్షరంలో అయిదో తీగ 2వ ఫ్రెట్, ధైవతం. మొత్తం అయిదే స్వరాలు. ఆ ధైవతం ఒక్కటే లూప్ తిరిగి రాబోతోందని చెవికి చెప్తుంది.

ఓవర్‌డబ్‌లోంచి బయటికొచ్చేయండి. ఒక చుట్టు ఊరికే వినండి.

లేయర్ 2. ఎడమ చెయ్యి తీగల మీద ఒత్తకుండా ఆనించి, కుడిచేత్తో 3, 7 అక్షరాల్లో "చిక్" అని కొట్టండి. మొదటి లేయర్ కంటే మెల్లగా. మళ్లీ బయటికి రండి. మళ్లీ వినండి.

లేయర్ 3. రెండో తీగ 3వ ఫ్రెట్, ఒకటో తీగ 2వ ఫ్రెట్, స–గ కలిపి, రెండో ఆవర్తనంలో మాత్రమే, 1వ అక్షరం తర్వాత అర అక్షరం వదిలి. మొదటి ఆవర్తనం పైభాగం పూర్తిగా ఖాళీగా వదిలేయండి, ఎందుకో కింద చెప్తాను.

అయిపోయింది. నాలుగోది వేయాలని చేయి లాగుతుంది. వేయకండి.

ప్రతి లేయర్‌కీ ఓవర్‌డబ్‌లోంచి బయటికి రమ్మనడానికి కారణముంది. చాలా పెడళ్లలో ఓవర్‌డబ్‌లో ఉండిపోయి వరసగా మూడు చుట్లు వేస్తే పెడల్ దాన్నంతా ఒకే లేయర్ అనుకుంటుంది, చివరిదొక్కటే తీసేద్దామని అన్‌డూ చేస్తే మూడూ ఎగిరిపోతాయి.

7. దాని మీద వాయించడం

మొదటి ఆవర్తనం ఖాళీగా వదిలింది మీ కోసమే. అక్కడ మీరు ఒక ప్రశ్న వేస్తారు, రెండో ఆవర్తనంలో లూప్‌లో ఉన్న స–గ పలుకుతుంది, మీరు ఊరుకుంటారు. నాలుగైదు చుట్లు ఇలాగే నడపండి. తర్వాత ఒకసారి తిరగేసి, మొదటి ఆవర్తనంలో ఊరుకుని రెండోదాంట్లో వాయించండి. ఇంత చిన్న మార్పుకే వినేవాళ్లు తల పైకెత్తి చూడటం నేను చాలాసార్లు గమనించాను.

లూప్ కిందుంది కాబట్టి మీరు పైస్థాయిలో తిరగండి. కింది తీగల్లోకి దిగాలనిపిస్తే ముందు ఏదో ఒక లేయర్ తీసేయాలి.

మూడు నాలుగు నిమిషాలకి చెవి అలిసిపోతుంది. అప్పుడు ఇంకో లేయర్ కలపడం కాదు, ఉన్నదాన్ని తీయండి. అన్‌డూతో మూడోది తీసేసి, రెండు చుట్లు అలా నడిపి, మళ్లీ నొక్కిపట్టుకుంటే చాలా పెడళ్లలో అది తిరిగొస్తుంది. పాటలో పల్లవి తిరిగొచ్చినట్టు ఉంటుంది. లేదా లూప్ మొత్తం ఆపేసి ఒక ఆవర్తనం ఒంటరిగా వాయించి, సమం మీద మళ్లీ ఎత్తుకోండి. రివర్స్, సగం స్పీడు బటన్లు కచేరీకి ఒక్కసారి కంటే ఎక్కువ వాడితే చవకబారుగా ఉంటుందని నా అభిప్రాయం, మీ ఇష్టం.

8. తప్పులు, మందులు

లేయర్ పడేకొద్దీ మీరు వాయించేది వినిపించట్లేదు. లూప్ లెవెల్ నాబ్ కాస్త తగ్గించండి. అసలు మందు మాత్రం లేయర్లని మెల్లగా రికార్డ్ చేయడమే. సోలో వాల్యూమ్‌తో లూప్ కట్టకూడదు.

మొదటి లేయర్‌లోనే తప్పు స్వరం. మొదటి చుట్టులోనే తెలిస్తే చెరిపేసి మళ్లీ కట్టండి, మొహం మాత్రం మామూలుగా పెట్టండి, జనానికి తెలియదు. రెండు లేయర్లు పడ్డాక తెలిస్తే ఆ స్వరం వచ్చినప్పుడల్లా పైన మీరూ అదే వాయించండి. మూడోసారికి అది కావాలని పెట్టినట్టే ఉంటుంది.

చుట్టు మారేచోట టక్ మని శబ్దం. మోగుతున్న స్వరం మధ్యలో తెగింది. 4లో చెప్పినట్టు చేయి ఆపకుండా దాటించండి, లేదా చివరి అర అక్షరం పూర్తిగా నిశ్శబ్దంగా వదిలేయండి.

మైక్‌తో కడుతుంటే రొద పెరిగిపోతోంది. మానిటర్‌లోంచి (స్టేజి మీద మనవైపు తిప్పి పెట్టే స్పీకర్) వచ్చే లూప్‌ని మైక్ మళ్లీ పట్టుకుంటోంది, ప్రతి ఓవర్‌డబ్‌లోనూ పాతవన్నీ ఇంకోసారి పడుతున్నాయి. ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైక్ వాడండి, మానిటర్ సరిగ్గా మైక్ వీపు వైపు ఉండాలి, మైక్‌కి నోరు ఆనించినంత దగ్గరగా పాడండి. వయొలిన్, ఫ్లూట్ వాళ్లకి వైర్ ఉన్న ఇయర్‌ఫోన్లు ఇంకా మంచి దారి. బ్లూటూత్‌వి వద్దే వద్దు, శబ్దం ఆలస్యంగా వస్తుంది, మీరు దానికి తగ్గట్టు ఆలస్యంగా వాయిస్తారు.

వాడనప్పుడు మైక్ మ్యూట్ చేయడం ఎందుకో నాకు ఒక అపార్ట్‌మెంట్ వినాయక చవితి నేర్పింది. ఓవర్‌డబ్‌లో ఉండగా నా మైక్ తెరిచి ఉంది, కమిటీ ఆయన పక్కకొచ్చి అందులోనే "కింద తెల్లకారు ఎవరిదో కాస్త తియ్యండి" అన్నారు. ఆ తర్వాత మోహనంలో, ఆదితాళంలో, పన్నెండు సెకన్లకోసారి తెల్లకారు తియ్యమన్నాను. కారాయన మూడో చుట్టుకే పరిగెత్తారు, నేను అన్‌డూ గుర్తు తెచ్చుకునేసరికి ఏడో చుట్టు.

9. మృదంగమో డ్రమ్సో పక్కనుంటే

పెడల్ ఎవరి మాటా వినదు, కాబట్టి వాళ్లే దాన్ని వినాలి. లూప్ వాళ్ల మానిటర్‌లో గట్టిగా వినిపించాలని సౌండ్ అతనికి ముందే చెప్పండి, మీ కంటే వాళ్లకే ఎక్కువ కావాలి. లూప్ కట్టేటప్పుడు వాళ్లు వాయిస్తూ ఉంటే వాళ్ల నడకలోనే లూప్ పడుతుంది, ఆ తర్వాత వాళ్లు కాలం పెంచాలనుకుంటే లూప్ ఆపాల్సిందే. తని ఆవర్తనంలో (తాళవాద్యం ఒక్కటే వాయించే చోటు) అయితే ముందే ఆపేయండి.

ఇదంతా తలనొప్పి అనుకుంటే తాళం లేని లూప్ కట్టుకోండి. షడ్జ పంచమాలని వాల్యూమ్ నాబ్‌తో మెల్లగా పైకి తెస్తూ తంబురలాగా ఒక 20 సెకన్లు. దెబ్బే లేదు కాబట్టి తప్పే ప్రశ్న లేదు.

10. ఎక్కే ముందు చూసుకోవాల్సినవి

- ట్యూనింగ్. శ్రుతి తప్పి రికార్డయిన లేయర్‌ని ఎవరూ బాగుచేయలేరు.
- పాత లూప్ చెరిపారా?
- పెడల్ జారకుండా కింద టేపు వేశారా?
- లైట్లు ఆర్పితే బటన్ కనిపిస్తుందా? దానిమీద తెల్ల టేపు ముక్క అంటించండి.
- స్పేర్ కేబుల్, స్పేర్ అడాప్టర్.
- సౌండ్ చెక్‌లో ఒక్క గిటార్ కాదు, మూడు లేయర్లూ కట్టి, పైన సోలో వాయించి వినిపించారా? అలా చేయకపోతే సౌండ్ అతను ఒక్క గిటార్‌కే లెవెల్ పెడతాడు, మూడో లేయర్‌కి స్పీకర్లు బొయ్యిమంటాయి.
- మొదటి ఐటమ్‌గా లూప్ పెట్టకండి. మామూలుది ఒకటి వాయించి, టెన్షన్ తగ్గాక కాలు పెట్టండి.

11. ఆపడం

దీన్ని చాలామంది సాధన చేయరు, చివర్లో లూప్ తిరుగుతూనే ఉంటుంది, వాళ్లు కిందికి వంగి వెతుకుతూ ఉంటారు. సులువైన పద్ధతి: చివరి చుట్టులో మీరు ఒక తీర్మానం (ముగింపు వరస) వాయించి, సమం మీద రెండో నొక్కు పడేలా ఆపి, అదే క్షణంలో చేత్తో షడ్జం మోగించి వదిలేయండి. లూప్ ఠక్కున ఆగినా మీ షడ్జం మోగుతూ ఉంటుంది కాబట్టి తెగినట్టు అనిపించదు. లూపర్ తర్వాత వాల్యూమ్ పెడల్ ఉంటే ఇంకా హాయి, మెల్లగా తగ్గించుకుంటూ పోవచ్చు.

చప్పట్లు కొడుతుండగానే లూప్ చెరిపేయండి. లేకపోతే తర్వాతి ఐటమ్‌కి మీరు రికార్డ్ అనుకుని నొక్కితే పాత మోహనమే మళ్లీ మొదలవుతుంది.